కోల్డ్‌రూముకి రెండో తాళం

ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలైన వారంలోనే మా పెరుగు పులియడం మొదలైంది.

మా పెరుగు అంటే నాదీ, సూర్యప్రభక్కదీ. కొత్తపేట పండ్ల మార్కెట్ వెనక సందులో ఒక షట్టరు కిరాయికి తీసుకుని, దిల్‌సుఖ్‌నగర్ చుట్టుపక్కల కోచింగ్ హాస్టళ్ళకు పెరుగు పోసేవాళ్ళం. ఆవిడది తెనాలి, నాది చిట్యాల పక్కన పల్లె. ఎల్బీనగర్‌లో ఒకే సందులో ఎదురెదురు ఇళ్ళు మావి. పాలు కాచి తోడువెయ్యడంలో ఆవిడది తిరిగిన చెయ్యి. చల్లబరిచే మిషను సంగతి నాది. మా నాయన మట్టయ్య ఫ్రిజ్ మెకానిక్. ఆయన వెంట పానాల పెట్టె మోస్తూ పెరిగి, తర్వాత ఐటీఐలో కూడా అదే చదివాను. మూతపడిన ఐస్‌క్రీం ఏజెన్సీ ఒకటి తన కోల్డ్‌రూం అమ్ముకుంటుంటే, ఊడదీసి తెచ్చి నాయనా నేనూ బిగించాం. చిన్న పడకగదంత ఉండేది. అందులో పెట్టిన పెరుగు నాలుగు రోజులైనా తియ్యగానే ఉండేది.

తెల్లవారాక కేన్లు తీసి ట్రాలీ ఆటోలో హాస్టళ్ళకు చేర్చేవాడు మా ఆయన మహేందర్. ఆయన అసలు పని దిల్‌సుఖ్‌నగర్ డిపోలో బస్సు డ్రైవరు. సమ్మెలో ఆర్టీసీ కూడా దిగాక బస్సులు డిపో దాటలేదు, జీతమూ రాలేదు. పొద్దున కేన్లు వేసొచ్చి, ఆ తర్వాత ఎల్బీనగర్ చౌరస్తాలో సమ్మె టెంటు కింద కూర్చునేవాడు. ఇల్లు నడవాలంటే ఇక పెరుగే దిక్కు.

మొదటి ఫోను చైతన్యపురిలోని ఆడపిల్లల హాస్టలు నుంచి వచ్చింది. వార్డెన్ నాగేశ్వరి నెమ్మదస్తురాలు. పెరుగు పుల్లగా ఉందని పిల్లలు వదిలేశారనీ, ఏదో ఒక రోజు జరిగేదే అనీ చెప్పి పెట్టేసింది. నేను షట్టరు తీసి కోల్డ్‌రూం తలుపు లాగితే లోపలి గాలి ముఖానికి వెచ్చగా తగిలింది. నేలంతా తడి. మిషను మాత్రం ఏమీ ఎరగనట్టు హాయిగా తిరుగుతోంది.

నాయనకు ఫోను చేశాను. మోకాళ్ళ నొప్పులతో బడంగ్‌పేట్‌లో ఇంటిపట్టునే ఉంటున్నాడు అప్పటికి. "మొదలు తలుపు చూడు, తర్వాత గాలి చూడు. గ్యాస్ ఆఖరికి," అన్నాడు. ఆయన పద్ధతి ఎప్పుడూ అంతే. తలుపు రబ్బరు మధ్య కాగితం పెట్టి లాగాను. ఒక మూల కాగితం జారి వచ్చేసింది. హమ్మయ్య, దొరికిందనుకున్నాను. రబ్బరు మార్చాను. ఒక రోజు బాగుంది. మర్నాడు మళ్ళీ గది వెచ్చన, నేల తడి.

మిషను వేడిని వదిలే బయటి కాయిలు గొట్టాలకి మార్కెట్ గడ్డీ దుమ్మూ దట్టంగా పట్టి ఉన్నాయి. బ్రష్షుతో రుద్ది కడిగాను. ఆ రోజు బాగుంది, మర్నాడు మళ్ళీ అదే కథ. గేజీ పెట్టి గ్యాస్ చూస్తే ఉండాల్సినంత ఉంది. థర్మోస్టాట్ విప్పి ఐసునీళ్ళలో ముంచి చూశాను, చెప్పినట్టు వింటోంది. గదికి చల్లదనం ఇచ్చే లోపలి కాయిలు మీద మంచు గడ్డకట్టిందేమోనని చూస్తే అద్దంలా శుభ్రంగా ఉంది.

కరెంటు కోతల వల్లేనేమో అని అక్క అడిగింది. సింగరేణిలో బొగ్గు ఆగిపోయి, కరెంటు పొద్దున కొంతసేపు, సాయంత్రం కొంతసేపు పోతున్న రోజులవి. కానీ తలుపు తియ్యకుండా ఉంచితే ఆ కాస్తలో చల్లదనం ఎక్కడికీ పోదు. గోడలు జానెడు మందం. అదే చెప్పాను. ఆ మాట చెప్పి ఉండకపోతే బాగుండేదేమో. ఎందుకంటే దాని తర్వాత ఆవిడ అడిగిన ప్రశ్న వేరు.

"మరి తలుపెవరు తీస్తున్నారు విజయా?"

తాళంచెవులు రెండే. ఒకటి ఆవిడ దగ్గర, ఒకటి మా ఇంట్లో. మా ఇంట్లోది మహేందర్ జేబులో ఉండేది.

అక్క భర్త విశ్వేశ్వరరావు గారు సర్కారు ఆఫీసులో సూపరింటెండెంటు. ఆ నెలలో ఆయన మనిషి మనిషిగా లేడు. ఆఫీసులో సగం మంది సమ్మెలో ఉంటే, రోజూ వెళ్ళి ఖాళీ బల్లల మధ్య కూర్చుని వచ్చేవాడు. వాళ్ళ ఇంటి ప్రహరీ మీద ఎవరో బొగ్గుతో ఏదో రాశారట. దాన్ని సున్నంతో తనే తుడిపాడు. సాయంత్రం అయితే వీధి తలుపు గడియ వేసి, వేసిందో లేదో మళ్ళీ లేచి చూసేవాడని అక్క చెప్పింది. అంతకు ముందు మా ఇంటి గడప మీద కూర్చుని మహేందర్‌తో క్రికెట్ గురించి గంటలు గంటలు వాదించిన మనిషే. ఇప్పుడు ఎదురుపడితే వాచీ చూసుకుంటూ వెళ్ళిపోయేవాడు.

ఒక రోజు ఆయనే షట్టరు దగ్గరికి వచ్చాడు. నేను ఫ్యాను మోటారు విప్పుకుని కూర్చున్నాను. చేతులు వెనక్కి కట్టుకుని గది చుట్టూ తిరిగి చూసి, పాడవడం ఏ వేళప్పుడు జరుగుతోందని అడిగాడు. మొదట్లో తెల్లవారి కేన్లు తీసే వేళకి వెచ్చగా ఉండేదనీ, తర్వాత టిఫిన్ల వేళకనీ, నిన్న మధ్యాహ్నానికి అలా అయిందనీ చెప్పాను.

"మిషను చెడితే ఒక పద్ధతి ప్రకారం చెడుతుందమ్మా," అన్నాడాయన. "రోజుకో వేళకి చెడిపోయేది మిషను కాదు. అది ఎవరో వీలు చూసుకుని చేస్తున్న పని."

అబద్ధమైతే ఏదో ఒకటి అనేదాన్ని. ఆయన చెప్పింది నాకూ నిజమే అనిపించింది, అదీ బాధ.

ఆ వారమే అక్క రెండో తాళం తెచ్చింది. కొత్త ఇత్తడి తాళం, చెవి ఒక్కటే. తనే కొక్కేనికి వేసి, నా ముఖం చూడకుండా, "ఏమీ అనుకోకు విజయా, మా వారి మనసు కుదుటపడాలి కదా," అంది. పెట్టుకోండక్కా అన్నాను. అప్పట్నుంచి పొద్దున్నే మహేందర్ ట్రాలీ ఆపుకుని ఆవిడ వచ్చి తాళం తీసేదాకా సందులో నిలబడేవాడు. మార్కెట్‌కి వచ్చే బండ్లవాళ్ళు ఏందన్నా అని పలకరిస్తే నవ్వి ఊరుకునేవాడు. నా దగ్గర మాత్రం ఒకసారి, "కేన్లు మోస్తున్ననా, దొంగతనం చేస్తున్ననా, నాకే తెల్వకుంటైతున్నది," అన్నాడు. ఆ తర్వాత ఆ ఊసు ఎత్తలేదు.

తాళం పడ్డాక కూడా పెరుగు పాడయింది.

ఇప్పుడు అనుమానం నాకు మొదలైంది. చెవి ఆవిడ ఒక్కదాని దగ్గరే ఉంది. మరి లోపలికి వెళ్ళేదెవరు? ఇద్దరు ముగ్గురు ఇళ్ళ బ్రోకర్లతో విశ్వేశ్వరరావు గారు మాట్లాడుతున్నాడని కిరాణా కొట్టు సైదమ్మ చెప్పింది. ఇల్లు అమ్ముకుని విజయవాడ వెళ్ళిపోతారట. వెళ్ళిపోయేవాళ్ళకి వ్యాపారం మునిగితేనే నయం, వదిలించుకోవడం తేలిక, నింద మా మీదికి తోసి తప్పుకోవచ్చు. ఇలా ఒకదానికొకటి అతుక్కుంటూ వచ్చాయి నా ఆలోచనలు. బతుకమ్మ పేర్చుతున్నప్పుడు కూడా అదే ధ్యాస. ఏటా మాతో కలిసి ఆడే అక్క ఆ ఏడు గేటు దగ్గరే నిలబడి చూసి లోపలికి వెళ్ళిపోయింది. రమ్మని నేనూ పిలవలేదు.

పండగయ్యాక పెద్ద దెబ్బ తగిలింది. చైతన్యపురి హాస్టల్లో ఇద్దరు పిల్లలకు వాంతులు పట్టుకుని మలక్‌పేటలో దవాఖానలో చేర్చారు. మా పెరుగు వల్లేనని ఎవరూ తేల్చలేదు, కాదని కూడా అనలేదు. హాస్టలు యజమాని వెంకట్రావు షట్టరు దగ్గరికి వచ్చి, ఆంధ్రా పిల్లలుండే హాస్టలని తెలిసే ఇలా చేస్తున్నారా అని పదిమందిలో అడిగాడు. అక్క పక్కనే ఉంది. ఆవిడ కాదు అంటుందని చూశాను. ఆవిడ పాల గిన్నె మీద మూత సర్దుతూ ఉండిపోయింది.

పిల్లలు రెండో రోజుకే కోలుకుని వచ్చేశారు. కానీ ఆ తర్వాతి ఉదయం, రైల్‌రోకోకి ముందు అందరినీ పట్టుకెళ్తున్న రోజుల్లో, పోలీసులు మా ఇంటికి వచ్చి మహేందర్‌ని తీసుకుపోయారు. ఆయన నాయకుడు కాదు. టెంటులో వెనక వరసలో కూర్చుని పేపరు చదువుకునే మనిషి. ఎందుకని అడిగితే ఒక కానిస్టేబులు, "ఆస్తి నష్టం చేసే బాపతని పేరొచ్చిందమ్మా," అన్నాడు. ఎవరి నుంచి వచ్చిందో చెప్పలేదు.

పట్టుకున్నవాళ్ళందరినీ ఒక ఫంక్షన్ హాల్లో ఉంచారు. బట్టలు తీసుకుని వెళ్తే కిటికీ దగ్గరికి రానిచ్చారు. గడ్డం మాసి ఉంది. తినడానికి పెడుతున్నారా అని నేనడిగితే, పెరుగు పోతున్నదా అని ఆయనడిగాడు. అంతే, వెనక నుంచి ఎవరో పిలిచారు, వెళ్ళిపోయాడు.

మర్నాడు మళ్ళీ గది వెచ్చబడింది. మహేందర్ పోలీసుల దగ్గరున్నాడు, చెవి అక్క దగ్గరుంది. ఇక నాకు సందేహం లేదు. ఈసారి చేతికి చిక్కించుకుని అడగాలనుకున్నాను. చెడిపోయే వేళ ముందు రోజుకంటే కాస్త ఆలస్యమవుతూ వస్తోందని లెక్క వేసుకుని, మర్నాడు మధ్యాహ్నం తిన్నాక బయలుదేరాను. బస్సుల్లేవు. ఎల్బీనగర్ నుంచి కొత్తపేటకు ఎండలో నడిచాను.

షట్టరు సగం ఎత్తి ఉంది. కోల్డ్‌రూం కొక్కేనికి రెండు తాళాలూ తీసి వేలాడుతున్నాయి. ఒకరకంగా తృప్తిగా అనిపించింది. తలుపు ఒక్కసారిగా లాగాను.

లోపల బోర్లించిన క్రేటు మీద సూర్యప్రభక్క కూర్చుని ఉంది. భర్త మంకీక్యాపు పెట్టుకుని, శాలువా చుట్టుకుని, చేతులు చంకల్లో పెట్టుకుని. పెదవులు నీలంగా ఉన్నాయి. నన్ను చూసి అదిరిపడలేదు. ఎదురుచూసిన మనిషే వచ్చినట్టు చూసింది.

"నువ్వొస్తావని కూర్చున్నా," అంది.

"నేను మీరుంటరనే వచ్చిన," అన్నాను.

తలుపు మూసుకుని లోపలికి వెళ్ళాను. ఇంకో క్రేటు లాక్కుని ఎదురుగా కూర్చున్నాను. నీ మొగుడు పోలీసుల దగ్గరుంటే, మిషను విప్పే నువ్వు కాక ఈ పని ఇంకెవరు చేస్తారని ఆవిడ కళ్ళు అడుగుతున్నాయి. చెవి నీ దగ్గర పెట్టుకుని ఈ పని ఇంకెవరు చేస్తారని నేను చూస్తున్నాను. కేన్ల వరసల మధ్య ఫ్యాను గాలి మా మీదుగా తిరుగుతోంది. ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. కాళ్ళ వేళ్ళు మొద్దుబారాయి.

ఉన్నట్టుండి ఫ్యాను ఆగిపోయింది.

కరెంటు పోయిందనుకున్నాం ఇద్దరం. కానీ పైన బల్బు వెలుగుతూనే ఉంది. బయట మిషను శబ్దం కూడా ఆగింది. కొంచెంసేపటికి కాయిలులోంచి సన్నగా చిటపటమని వినిపించింది, తర్వాత ఒక చుక్క నేల మీద పడింది. ఇంకో చుక్క. గాలి మెల్లగా వెచ్చనైంది. అక్క మంకీక్యాపు తీసేసింది. నా వంక చూసింది, నా చేతుల వంక చూసింది. నా చేతులు ఒళ్ళోనే ఉన్నాయి, ఆవిడవీ అంతే.

"ఎవరూ లేరు కదే," అంది మెల్లగా.

నేను లేచి బయటికి వచ్చి ప్యానెల్ డబ్బా మూత విప్పాను. లోపలి కాయిలు మీద పట్టే మంచు కరిగించడానికి రోజుకోసారి హీటరు వెలుగుతుంది. ఆ కాసేపు మిషనూ ఫ్యానూ ఆగుతాయి. గది ఎవరూ తెరవని వేళ, తెల్లవారుజామున వెలిగేలా నాయన దాన్ని పెట్టాడు. ఆ వేళని చూసుకునేది డబ్బాలో ఉండే ఒక చిన్న గడియారం. కరెంటుతో తిరిగే గడియారం. కరెంటు పోయినప్పుడల్లా అదీ ఆగుతుంది, వచ్చాక ఆగినచోట నుంచే మొదలవుతుంది. కోతలు ఎన్ని గంటలైతే అది అన్ని గంటలు వెనకబడింది. రోజురోజుకీ ఇంకా ఇంకా వెనకబడుతూ, ఈపాటికి రాత్రీ పగలూ చుట్టి మళ్ళీ మధ్యాహ్నానికే వచ్చింది. బయట ఎర్రటి ఎండ, దాని లెక్కలో ఇంకా కోడి కూడా కూయలేదు. పైగా హీటరుని వేళకి ఆపాల్సిన స్విచ్చు పాతదై అతుక్కుపోయింది. తెల్లవారుజామున అయితే కేన్లు తీసే లోపు మళ్ళీ చల్లబడేది గనుక ఇన్నాళ్ళూ ఎవరికీ తెలియలేదు. ఇప్పుడు పగటి వేడిలో, నిండు కేన్లున్న గదిని అది పూర్తిగా ఉడకబెడుతోంది.

లోపలి కాయిలు ఎందుకంత శుభ్రంగా ఉందో అప్పుడు తెలిసింది. నేను చూసిన ప్రతిసారీ, అప్పుడే కరిగించి పెట్టింది కాబట్టి.

అక్కకు చెప్పాను. మళ్ళీ చెప్పించుకుంది. నేను వేలితో ఆ గడియారం పళ్ళెం తిప్పి అసలు వేళకి తెస్తుంటే దగ్గరికి వచ్చి చూసింది. తిప్పడం అయ్యాక ఫ్యాను మళ్ళీ మొదలైంది. ఆవిడ షట్టరు గట్టు మీద కూర్చుంది.

"మహేందర్ పేరు మా ఆయన ఇచ్చారు విజయా," అంది. "హాస్టలు పిల్లల సంగతయ్యాక. నాకు చెప్పే ఇచ్చారు. నేను వద్దనలేదు."

నాకు ఏడుపు రాలేదు, కోపం కూడా వెంటనే రాలేదు. చేతికున్న గ్రీజు బట్టకి తుడుచుకున్నాను. "నడువుండ్రి," అన్నాను. ఎక్కడికని ఆవిడ అడగలేదు.

పోలీస్ స్టేషను వరండా మీద నిలబడి అక్క భర్తకి ఫోను చేసింది. ఇప్పుడే రావాలనీ, ఆఫీసు సంగతి తర్వాత చూసుకోవచ్చనీ చెప్పి పెట్టేసింది. ఆవిడ ఆయనతో ఆ గొంతుతో మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. ఆయన వచ్చాడు. ఎస్సై ముందు నిలబడి, పొరపాటు పడ్డాననీ, మనిషి తప్పేం లేదనీ, మిషను చెడిందనీ చెప్పాడు. ఎస్సై నవ్వాడు. "మిషన్ ఖరాబైతే మెకానిక్‌ని పిలుస్తరు గని మమ్మల్ని పిలుస్తరా సార్," అన్నాడు. విశ్వేశ్వరరావు గారు ఆ నవ్వులో కలవడానికి ప్రయత్నించాడు గానీ ముఖం సహకరించలేదు. బయటికి వచ్చాక నాతో ఏదో అనబోయి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

రైల్‌రోకో ముగిశాక అందరితోపాటు మహేందర్‌నీ వదిలారు. విశ్వేశ్వరరావు గారి మాట వల్ల ముందే వదిలారని చెప్పుకోవడానికి లేదు. కానీ పేరు పక్కన రాసిందేదో కొట్టేశారట. ఆ సాయంత్రం మహేందర్ స్నానం చేసి తింటుంటే అక్క గిన్నెతో గోంగూర తెచ్చింది. గిన్నె కింద పెట్టి, నిలబడే చెప్పింది.

"నీ పేరు మా ఇంట్లోంచే వెళ్ళింది తమ్ముడూ."

మహేందర్ ముద్ద కలుపుతూనే ఉన్నాడు. "తెల్సక్కా," అన్నాడు. "పట్కపోయిన నాడే చెప్పిర్రు."

నేను ఆయన వంక చూశాను. కిటికీ దగ్గర నిలబడి పెరుగు పోతున్నదా అని అడిగిన రోజుకే ఆయనకి తెలుసు. అక్క గిన్నె అక్కడే వదిలి వెళ్ళిపోయింది. ఆవిడ వెళ్ళాక, నాతో ఎందుకు చెప్పలేదని అడిగాను. చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నాడు.

"చెప్తే నువ్వు అదే పొద్దు షట్టర్ దించుతవు," అన్నాడు చివరికి. "కోపంల దించుడు అల్కగనే ఉంటది. మళ్ళ ఎత్తెటందుకే మనసు రాదు."

షట్టరు దించలేదు. చైతన్యపురి హాస్టలు మళ్ళీ మా దగ్గర పెరుగు తీసుకోలేదు. మిగిలినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. అతుక్కుపోయిన స్విచ్చు మార్చాను గానీ, కోత పడిన ప్రతిసారీ నేను వెళ్ళి ఆ గడియారాన్ని వేలితో ముందుకు తిప్పేదాన్ని. మలక్‌పేటలో బ్యాటరీ ఉన్న గడియారం దొరికాక ఆ బాధ తప్పింది. అక్కా నేనూ రోజూ కలిసే పని చేసేవాళ్ళం. కాకపోతే అంతకు ముందు పనిలో పనిగా ఎవరి మీదో ఒకరి మీద చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం, అది తగ్గింది. ఎవరైనా ఒక మాట అంటే దాని వెనక ఇంకేముందోనని రెండోవాళ్ళు ఒక క్షణం ఆగేవాళ్ళు. వాళ్ళు ఇల్లు అమ్మలేదు. బ్రోకర్లు వచ్చింది పైభాగం కిరాయికి ఇవ్వడానికని తర్వాత తెలిసింది. నేను ఆ సంగతి ఎప్పుడూ అక్కని అడగలేదు, అడిగితే నేనేమనుకున్నానో చెప్పాల్సి వస్తుందని.

బస్సులు మళ్ళీ రోడ్డెక్కిన కొన్నాళ్ళకి, ఆ గడియారం కొనడానికే మలక్‌పేట వెళ్తూ మహేందర్ నడుపుతున్న బస్సే ఎక్కాను. ముందు వైపు ఆడవాళ్ళ సీట్లో కూర్చున్నాను. తర్వాతి స్టాపులో విశ్వేశ్వరరావు గారు టిఫిన్ బాక్సు సంచితో నిలబడి ఉన్నాడు. బస్సు ఆగగానే రెండడుగులు ముందుకేసి, డ్రైవర్‌ని చూసి ఆగిపోయాడు. ఫోను తీసి ఏదో చూస్తున్నట్టు పక్కకి తిరిగాడు. ఎక్కేవాళ్ళు ఎక్కేశారు. కండక్టర్ రైట్ రైట్ అన్నాడు. మహేందర్ బస్సు కదపలేదు. స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని ఎదురుగా రోడ్డునే చూస్తున్నాడు. వెనక నుంచి ఎవరో విసుక్కున్నారు. కండక్టర్ రేకు మీద కొట్టాడు.

"ఆఫీస్ టైమైతున్నది సార్, ఎక్కుండ్రి," అన్నాడు మహేందర్, తల తిప్పకుండానే.

ఆయన ఎక్కాడు. డ్రైవరు వెనక సీటు ఖాళీగానే ఉంది. కూర్చోలేదు, పైకడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ పిల్లలంతా దిగిపోయారు. మూసారాంబాగ్ దాటేసరికి సగం బస్సు ఖాళీ. నేను మలక్‌పేటలో దిగి, బస్సు కదులుతుంటే కిటికీలోంచి చూశాను. అన్ని సీట్ల మధ్య ఆయనొక్కడే ఇంకా నిలబడి ఉన్నాడు.